నుదుటి మీద జుట్టుకు ఆ పేరెవరు పెట్టారు?

మా అక్క కూతురు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదువుతోంది. దాని నుదుటి మధ్యలో జుట్టు కోసుగా కిందికి దిగి ఉంటుంది, పుట్టినప్పటి నుంచీ అంతే. మొన్న ఆదివారం "పిన్నీ, నాది విడోస్ పీక్ అంట, క్లాసులో అందరూ అదే అంటున్నారు" అంది. పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మకు విడో అన్న ముక్క ఒక్కటే వినపడింది. చేతిలో కాయ పళ్లెంలో పడేసి "పెళ్లి కావాల్సిన పిల్లను పట్టుకుని అవేం మాటలే!" అని కసిరింది. పిల్ల మొహం చిన్నబోయింది. మర్నాడే ముందు జుట్టు కత్తిరించుకుని నుదురు కప్పేసుకుంది.

యూరప్‌లో ఒకప్పుడు భర్త పోయిన ఆడవాళ్లు వేసుకునే ముసుగు నుదుటి మీదికి మొనలా దిగేది, ఆ మొననే పీక్ అనేవాళ్లు. జుట్టు అదే ఆకారంలో ఉంటే భర్త తొందరగా పోతాడని ఒక నమ్మకం పుట్టింది. మనవాళ్లు రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లు అంటారు చూడండి, అలాంటిదే. నమ్మకం పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది.

కంటి చివరి ముడతలను ఇంగ్లిష్‌లో క్రోస్ ఫీట్, అంటే కాకి కాళ్లు, అనడం ఇంకా పాతది. 14వ శతాబ్దపు కవి చాసర్ ట్రాయిలస్ కథలో ఒక మామ మేనకోడలితో, గర్వపడే ఆడవాళ్లు కళ్ల కింద కాకి కాళ్లు మొలిచేదాకా బతకాలి, అప్పుడు వాళ్లకు అద్దం పంపాలి అంటాడు. ఎత్తిపొడుపే, కానీ వయసు గురించి. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ ముడతలకు బొటాక్స్ అనే ఇంజెక్షన్‌ను అనుమతించింది, ఇప్పుడు జూబ్లీహిల్స్ క్లినిక్‌లలో అదే మాట ట్రీట్‌మెంట్ పేరు. నాకు బాధ కలిగించేది ఈ మలుపే. సాయంత్రానికి మొలిచే గడ్డాన్ని ఫైవ్ ఓ క్లాక్ షాడో అనడం జనంలోకి వెళ్లింది కూడా 1930లలో అమెరికాలో వచ్చిన జెమ్ బ్లేడ్ల ప్రకటనల వల్లే. పొద్దున గీసుకున్న గడ్డం సాయంత్రానికి కాస్త నల్లబడటం ఎవరికైనా మామూలే, దాన్ని లోపం చేస్తేనే కదా బ్లేడు అమ్ముడయ్యేది.

అన్నీ అలాంటివి కావు. మన సెలూన్లలో సైడ్‌లాక్స్ అనే వాటికి ఇంగ్లిష్‌లో సైడ్‌బర్న్స్ అన్న పేరు అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన బర్న్‌సైడ్ అనే జనరల్ చెంపల నుంచి, ఆయన పేరే తిరగబడి వచ్చింది. కాలీఫ్లవర్ ఇయర్ అయితే దెబ్బ తాలూకు గుర్తు: కుస్తీలో చెవి నలిగి లోపల రక్తం గడ్డకడితే మృదులాస్థికి రక్తం అందక అది ముడుచుకుపోతుంది. పహిల్వాన్లకు అది సిగ్గుపడే విషయం కాదు.

ఇదంతా ఇంట్లో చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవరాలిని దగ్గరికి పిలిచి, తన నెరిసిన జుట్టు వెనక్కి తోసి చూపించింది, అదే కోసు. "మీ తాతయ్యకు డెబ్బై ఆరు. అదుగో, పేపరు చదువుతున్నాడు" అంది.