రోడ్ సైకిల్ హెల్మెట్ల ఎంపిక: అపోహలు – వాస్తవాలు

హైదరాబాదులో రోడ్ సైకిళ్లు అమ్మడం, వాటిని నడిపేవారి ఒంటి కొలతలకు సరిచేసి ఇవ్వడం నా వృత్తి. సైకిల్ ఎంపికకు నెల రోజులు ఆలోచించేవారు కూడా హెల్మెట్‌ను మాత్రం బిల్లు కట్టే సమయంలో రంగు చూసి తీసుకుంటారు. వారి నోట తరచుగా వినే మాటలకు నాకు తెలిసినంతలో ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: ధర పెరిగేకొద్దీ రక్షణ పెరుగుతుంది.

రెండు వేల రూపాయల హెల్మెట్‌లోనూ ఇరవై వేల రూపాయల హెల్మెట్‌లోనూ సాధారణంగా దెబ్బను తనలోకి తీసుకునేది ఈపీఎస్ నురుగే. మన వాడుకలో దాని పేరు థర్మకోల్. అది నలిగిపోతూ తలకు చేరే తాకిడిని తగ్గిస్తుంది. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 1078 ప్రకారం, చదునైన దిమ్మెకు సెకనుకు 5.42 మీటర్ల వేగంతో తగిలినప్పుడు లోపలి నమూనా తలపై పడే తాకిడి 250 జీ (భూమ్యాకర్షణ త్వరణానికి 250 రెట్లు) దాటకూడదు. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ అయిన సీపీఎస్‌సీ నిబంధనలో హెల్మెట్‌ను జారవిడిచే ఎత్తు సుమారు 2 మీటర్లు, తాకిడి పరిమితి 300 జీ. ధర ఏదైనా ఈ పరీక్ష మారదు. అదనంగా పెట్టే సొమ్ము ఎక్కువగా బరువు తగ్గించడానికి, గాలి దారులకు, పట్టీల నాణ్యతకు, గాలిని చీల్చుకుపోయే ఆకృతికి వెళ్తుంది. వర్జీనియా టెక్ పరిశోధకులు 2018 నుంచి సైకిల్ హెల్మెట్లకు ఇస్తున్న నక్షత్రాల రేటింగులో తక్కువ ధర హెల్మెట్లు కొన్ని అయిదు నక్షత్రాలు పొందాయి. ఆ పట్టికలో స్కోరు ఎంత తక్కువైతే హెల్మెట్ అంత మెరుగైనదని గుర్తుంచుకుని చదవాలి.

అపోహ: చుట్టుకొలత సరిపోతే హెల్మెట్ సరిపోయినట్టే.

నేను ఎక్కువ సమయం వెచ్చించేది ఈ ఒక్క విషయం మీదనే. కనుబొమలకు కాస్త పైనుంచి టేపు చుట్టి కొలిస్తే ఇద్దరికీ 57 సెంటీమీటర్లే రావచ్చు; అయితే ఒకరి తల గుండ్రంగా, మరొకరిది ముందు నుంచి వెనకకు కోలగా ఉంటుంది. గుండ్రని తల కోల హెల్మెట్‌లో పడితే కణతలు నొక్కుకుపోతాయి. కోల తల గుండ్రని హెల్మెట్‌లో పడితే నుదుటి మీద నొప్పి పుడుతుంది, పక్కలకు ఖాళీ మిగిలి హెల్మెట్ అటూ ఇటూ ఊగుతుంది. వెనక ఉన్న డయల్‌ను ఎంత బిగించినా ఆకృతిలోని తేడా పోదు. కాబట్టి గడ్డం కింది పట్టీ పెట్టకుండా డయల్‌ను మాత్రమే బిగించి, ముందుకు వంగి తల నెమ్మదిగా ఊపి చూడండి, హెల్మెట్ నిలవాలి. తరవాత పది నిమిషాలు దుకాణంలోనే పెట్టుకుని ఉండండి. తీశాక నుదుటి మీద ఒకే చోట ఎర్రని గుర్తు పడిందంటే, రెండు గంటల ప్రయాణంలో అక్కడే తలనొప్పి మొదలవుతుంది. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి, పట్టీలు చెవి కింద కలవాలి, నోరు బాగా తెరిచినప్పుడు హెల్మెట్ కిందికి లాగినట్టు తెలియాలి. కళ్లద్దాలు పెట్టుకునేవారు వాటితోనే, జడ వేసుకునేవారు జడతోనే సరిచూసుకోవాలి.

అపోహ: రంధ్రాలు ఎక్కువ ఉన్నదే చల్లగా ఉంటుంది.

రంధ్రాల సంఖ్య కంటే, ముందు నుంచి దూరిన గాలి మాడు మీదుగా వెనకకు పోయేందుకు లోపల తవ్విన కాలువలు ముఖ్యం. గాలిని చీల్చుకుపోయేలా మలిచిన, తక్కువ రంధ్రాలున్న ఏరో హెల్మెట్ గంటకు 35 కిలోమీటర్ల వేగంలో ఇబ్బంది పెట్టకపోవచ్చు. మే నెలలో ఎత్తు మీద 12 కిలోమీటర్లతో తొక్కేటప్పుడు అదే హెల్మెట్ ఉక్కపోతగా మారుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో ఉన్న సైకిల్ ట్రాక్ మీద తప్ప మిగతా చోట్ల తొక్కే మన వాళ్లకు గాలి ఆడే మోడలే నేను సూచిస్తాను. చెమట, తలనూనె పట్టిన ప్యాడ్లను మెత్తని సబ్బుతో ఉతికి నీడలో ఆరబెట్టండి. పెట్రోలు వంటి ద్రావకాలు నురుగును దెబ్బతీస్తాయి, ఎండలో నిలిపిన కారులోని వేడి కూడా మంచిది కాదు.

అపోహ: మిప్స్ లేని హెల్మెట్ కొనడం వృథా.

స్వీడన్‌లో రూపొందిన మిప్స్ అంటే లోపల 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారగలిగే పలుచని పొర. వాలుగా తగిలిన దెబ్బలో తల గిర్రున తిరిగే బలాన్ని తగ్గించడం దాని పని. పైన చెప్పిన రెండు ప్రమాణాలూ ఈ తిరుగుడును కొలవవు కనుక, దానికి కొంత అదనంగా చెల్లించడం సబబేనని నా అభిప్రాయం. అయితే తలకు కుదరని మిప్స్ హెల్మెట్‌నూ, చక్కగా కుదిరిన సాధారణ హెల్మెట్‌నూ నా ముందు పెడితే రెండోదే ఇస్తాను.

అపోహ: పగుళ్లు కనిపించకపోతే పడిన తరవాతా వాడవచ్చు.

నలిగిన నురుగు తిరిగి లేవదు, పై చిప్ప మీద గీత కూడా కనిపించకపోవచ్చు. పడినప్పుడు తల నేలకు తగిలిందని తెలిస్తే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పట్టీలు కత్తిరించి పారేయండి. మరొకరు ఏరుకుని తలకు పెట్టుకోకుండా ఉంటారు.