రంపం మోటారులో అరిగే కార్బన్లు

‘రంపం మెషిన్ నడుస్తుంటే గాలి కంతల్లోంచి మెరుపులు కనిపిస్తున్నాయి, ఆగి ఆగి తిరుగుతోంది. మోటారు కాలిపోయినట్టేనా?’ అని ఒక పాఠకుడు అడిగారు. చాలాసార్లు అరిగేది కార్బన్లే, అంటే మోటారులోని కార్బన్ బ్రష్‌లే. ప్లగ్గు పీకి, పక్కనున్న మూతలు విప్పి, అదే కొలత, అదే రకం కొత్త జత వేయాలి. ఒక్కదాన్నే మార్చి ఊరుకోకూడదు. పని అంతే. నా మనసంతా ఆ అరిగిన ముక్క మీదే ఉంది.

తిరిగే ఆర్మేచర్‌కు, అంటే తీగచుట్టలున్న భాగానికి, కరెంటు అందించడానికి రెండు కార్బన్ దిమ్మలు స్ప్రింగు బలంతో ఆ చుట్టలకు కలిపిన రాగి పలకల వలయాన్ని, అంటే కమ్యుటేటర్‌ను ఒరుసుకుంటూ ఉంటాయి. మోటారు నిమిషానికి 20,000 చుట్లు తిరుగుతుందనీ, పలకలు 24 అనీ అనుకుందాం. ఒక పలక పోయి ఇంకోటి రావడానికి సెకనులో 8,000వ వంతు చాలు. అంతలోనే ఒక్కో తీగచుట్టలో కరెంటు దిశ మారాలి. చుట్ట ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం, అందుకు అంత తేలిగ్గా ఒప్పుకోదు. పలక తప్పుకునే క్షణాన మిగిలిన కరెంటు గాల్లోకి దూకుతుంది. అదే మెరుపు. కార్బన్ నిరోధం రాగికంటే చాలా ఎక్కువ కాబట్టి ఆ కరెంటును ముందే చాలావరకు అణిచేస్తుంది. దిమ్మ అరిగి పొట్టిదై స్ప్రింగు పట్టు సడలితే మాత్రం అది ఎగిరెగిరి పడుతుంది, మెరుపులూ పెరుగుతాయి.

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో బ్రష్ అంటే రెండు గీతలు. అది అరుగుతుందని ఏ మాస్టారూ చెప్పగా వినలేదు.

ఈ దిమ్మల్లో ఉండేది గ్రాఫైట్ అనే కార్బన్ రూపం. దాని పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టి నునుపు అంటారు. సగమే నిజం. జారాలంటే తేమ కావాలి! రెండో ప్రపంచ యుద్ధంలో బాగా ఎత్తున ఎగిరిన విమానాల జనరేటర్లలో కార్బన్లు చూస్తుండగానే పొడైపోయేవి. అంత ఎత్తున గాలి పలచనే కాదు, పొడి కూడా. రాబర్ట్ సావేజ్ అనే పరిశోధకుడు శూన్యంలో గ్రాఫైట్‌ను రాగి మీద ఒరిపించి చూశాడు. కాస్త నీటి ఆవిరి వదలగానే అరుగుదల అమాంతం తగ్గింది. పొరల అంచుల్లో తెగిన బంధాలుంటాయి. నీటి అణువులు వాటిని కప్పేస్తే అవి రాగిని పట్టుకోవు. కరెంటు సామాన్లకు తేమ శత్రువని అనుకుంటాం కదా, ఇక్కడ అదే ప్రాణం.

ఆ తేమ సాయంతోనే రాగి మీద గ్రాఫైట్, రాగి ఆక్సైడ్ కలిసిన గోధుమరంగు పూత కడుతుంది. దాన్ని మురికనుకుని గరుకు కాగితంతో రుద్ది తళతళలాడించేవాళ్లున్నారు. మళ్లీ పూత కట్టేదాకా కొత్త కార్బన్లు గబగబా అరుగుతాయి. గుంటలు, కాలిన మచ్చలు ఉంటే వేరే సంగతి, అప్పుడు మెకానిక్‌కు చూపించాల్సిందే. లేదంటే కొత్తవి వేశాక చెక్కకు ఆనించకుండా కాసేపు ఉత్తినే తిప్పండి. కార్బన్ కొన కమ్యుటేటర్ వంపుకు సరిపోయేలా అరగాలి.