‘తక్కువ కాకుండా’ అంటే గుర్తు ఎటు తిరగాలి?

పలాసలో జీడిపప్పు డబ్బా మీద ‘డబ్ల్యూ 320’ అని కనిపిస్తుంది. అది ధరా కాదు, బరువూ కాదు. పౌనుకి, అంటే 454 గ్రాములకి, విరగని పప్పులు 300కి తగ్గకుండా 320కి మించకుండా తూగుతాయని అర్థం. పప్పుల సంఖ్యని ‘ప’ అనుకుంటే 300 ≤ ప ≤ 320. లెక్కల పుస్తకంలో ‘అసమీకరణం’ అన్న పేరుతో భయపెట్టేది ఇదే.

పిల్లలు ఎక్కువగా తప్పేది సాధించేటప్పుడు కాదు, మాటను గుర్తుగా మార్చేటప్పుడు. తెలుగులో ‘కాదు’ అనే ముక్క చివర్న వస్తుంది. ‘తక్కువ కాకుండా’లో ‘తక్కువ’ కంటపడగానే < పెట్టేస్తారు. తోకలో ఉన్న ‘కాకుండా’ దాన్ని తిప్పి ≥ చేస్తుంది. అలాగే ‘మించకుండా’ అంటే ≤. ‘కనీసం’ అంటే ≥, ‘మహా అయితే’ అంటే ≤. ‘లోపు’ మాత్రం తగాదా మాట. ‘ఆదివారం లోపు ఇస్తా’నన్న మనిషి ఆదివారం సాయంత్రం ఇస్తే మాట తప్పినట్టా, కాదా? లెక్క తయారుచేసేవాళ్లు ఆ మాట వాడకపోవడమే మంచిది.

జేబులో 2000 రూపాయలున్నాయి. శ్రీకాకుళం తిరిగి రావడానికి బస్సుకి 130 ఉంచుకోవాలి. పావుకిలో జీడిపప్పు పొట్లం 220 అనుకుందాం. ఎన్ని కొనొచ్చు? పొట్లాలు ‘ప’ అయితే 220ప + 130 ≤ 2000. రెండువైపులా 130 తీసేస్తే 220ప ≤ 1870. 220తో భాగిస్తే ప ≤ 8.5. అలవాటు కొద్దీ దగ్గరి అంకెకి సవరించి 9 రాస్తే పొట్లాలకే 1980 అయిపోయి, కండక్టరుకి ఇవ్వడానికి 20 రూపాయలే మిగులుతాయి. జవాబు 8.

సంఖ్యారేఖ మీద ప ≤ 8.5 గీయాలంటే 8.5 దగ్గర నిండు చుక్క పెట్టి ఎడమకి బాణం లాగుతారు. గుర్తు కింద గీత ఉంటే నిండు చుక్క, లేకపోతే ఖాళీ సున్న. (<, > గుర్తులు ఇంగ్లండ్ గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో, 1631లో అచ్చులోకొచ్చాయి. ‘సమానమైనా సరే’ అని కింద గీత తగిలించింది ఫ్రెంచి గణితవేత్త పియర్ బుగేర్, 1734లో. మధ్యలో నూరేళ్లు!) కానీ సగం పొట్లం ఎవరూ అమ్మరు, మైనస్ పొట్లాలు ఉండవు. కాబట్టి ఇక్కడ బొమ్మ బాణం కాదు, 0 నుంచి 8 దాకా తొమ్మిది విడివిడి చుక్కలు.

గుర్తు తిరగబడే చోటు ఇంకొకటుంది. నాగావళి పక్కన మడికి నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్‌లో 12 లీటర్లు పోశారు. గంటకి లీటరున్నర తాగుతుంది. ట్యాంకు పూర్తిగా ఎండితే గొట్టంలోకి గాలి చేరి, మళ్లీ ఆ గాలి తీసేదాకా ఇంజిన్ స్టార్ట్ కాదు. అందుకని 3 లీటర్లకి తగ్గకూడదనుకుందాం. గంటలు ‘గ’ అయితే 12 − 1.5గ ≥ 3. 12 తీసేస్తే −1.5గ ≥ −9. ఇప్పుడు −1.5తో భాగించాలి. గుర్తు తిప్పడం మరిచి గ ≥ 6 రాశారా, 8 గంటలు పెట్టి చూడండి: ట్యాంకు ఖాళీ. సరైనది గ ≤ 6. ఎందుకంటే 2 కంటే 5 పెద్దది, −2 కంటే −5 చిన్నది. మైనస్ సున్నా దగ్గర నిలబెట్టిన అద్దం లాంటిది, కుడి ఎడమలు మారుస్తుంది. ఈ గొడవ వద్దనుకుంటే 1.5గ ని అటువైపు, 3ని ఇటువైపు పంపండి: 9 ≥ 1.5గ. కాలం ఆగకుండా సాగుతుంది గనక, ఇక్కడ మాత్రం 0 నుంచి 6 దాకా రేఖంతా నింపాలి, రెండు కొసల్లోనూ నిండు చుక్కలు.

డబ్బా దగ్గరికి వస్తే, మైనస్ లేకుండా కూడా గుర్తు తిరుగుతుంది. 454 గ్రాముల్ని 320తో భాగిస్తే పప్పుకి 1.42 గ్రాములు, 300తో భాగిస్తే 1.51. అంటే సంఖ్యలో పెద్ద కొస, సగటు పప్పు బరువులో చిన్న కొస అయింది. 240 రకం (220 నుంచి 240) 320 కంటే ఖరీదెక్కువ ఉండేది అందుకే: అంకె చిన్నది, పప్పు పెద్దది. ఇంట్లో సరిచూసుకోవాలంటే 100 గ్రాములు తూచి లెక్కపెట్టండి. 320 రకమైతే హద్దులు 66.1, 70.5. పప్పులు పూర్ణాంకాలు కాబట్టి కింది హద్దును పైకి, పై హద్దును కిందికి సవరించాలి: 67 నుంచి 70. తొంభై దాటాయంటే మీ చేతికొచ్చింది 450 రకమో, అంతకన్నా చిన్న పప్పో.