చదరంగంలో రేటింగ్ పడిపోతే: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక్క టోర్నీలో 40 పాయింట్లు పోయాయంటే ఆట దెబ్బతిన్నట్టే.

వాస్తవం: ముందు లెక్క చూడండి. రేటింగ్, అంటే ఆటగాడి బలాన్ని చూపే అంకె, ఒక్కో గేమ్‌కి ఎంత కదలాలో ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) లెక్కలో కె-ఫ్యాక్టర్ అనే గుణకం తేలుస్తుంది. కొత్తవారికి 30 గేమ్‌లు పూర్తయ్యేదాకా అది 40. ఆ తర్వాత, 2400 చేరని పెద్దలకు 20. అంటే సమాన రేటింగ్ ఉన్నవారిపై గెలిస్తే 10 వస్తాయి, ఓడితే 10 పోతాయి. పది గేమ్‌లలో మూడు గెలిచి ఏడు ఓడితే 40 పోయినట్టే. ఆట ఏమాత్రం తగ్గకుండా సగానికి సగం గెలిచేవారికి కూడా, డ్రాలు లేవనుకుంటే, పది గేమ్‌లలో మూడో అంతకన్నా తక్కువో రావడం దాదాపు ఆరింట ఒకసారి జరుగుతుంది. అదే ఆటగాడు వంద గేమ్‌లు ఆడితే ఎక్కడో ఒకచోట వరసగా ఐదు ఓడే అవకాశం 80 శాతం దాకా ఉంది. అందుకే రోజువారీ అంకె పక్కన పెట్టి, 50 గేమ్‌లకు ఒకసారి సగటు చూడండి.

అపోహ: మనకన్నా 200 తక్కువ ఉన్నవారితో ఓడటం అవమానం.

వాస్తవం: ఎలో సూత్రం (రేటింగ్ తేడానుబట్టి ఫలితాన్ని అంచనా వేసే లెక్క) ప్రకారం ఆ తేడాలో సగటున మీకు రావాల్సిన స్కోరు 76 శాతమే. మిగతా 24 శాతం వాళ్ల వాటా. కె 20 అయితే గెలిస్తే దాదాపు 5 వస్తాయి, ఓడితే 15 పోతాయి, డ్రా అయినా 5 పోతాయి. నొప్పి ఎక్కువగా అనిపించేది అందుకే.

అపోహ: పజిల్ రేటింగ్ పెరిగితే ఆట కూడా అంతే పెరుగుతుంది.

వాస్తవం: ఇక్కడే చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. పజిల్‌లో గెలిపించే ఎత్తు ఏదో ఉందని ముందే తెలుసు. గేమ్‌లో ఆ సంగతి ఎవరూ చెప్పరు. పజిల్స్ మానక్కర్లేదు, చేసే తీరు మార్చాలి. రోజుకు 20 నిమిషాలు చాలు. మొదటి ఎత్తు తట్టగానే పావు కదపొద్దు. ప్రత్యర్థికున్న గట్టి జవాబు దాకా వరస మొత్తం మనసులో లెక్కించాకే కదపాలి. తప్పినవి పక్కన రాసుకుని వారం తర్వాత మళ్లీ చేయాలి. ఇక గేమ్‌లో ప్రతి ఎత్తుకు ముందు ఒక ప్రశ్న: ఇప్పుడు ఆయన వేసిన ఎత్తుతో నాకేం ముప్పు? ఆపైన చెక్‌లు, కొట్టుళ్లు, బెదిరింపులు ఆ వరసలోనే చూడాలి. 1500 లోపు గేమ్‌లు ఎక్కువగా తేలేది ఒక్క ఎత్తులో పావు ఊరికే పోవడంతోనే.

అపోహ: గేమ్ అయ్యాక ఇంజిన్ (ఎత్తులు లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్) చూస్తే విశ్లేషణ అయిపోయినట్టే.

వాస్తవం: ఇంజిన్ సరైన ఎత్తు చూపిస్తుంది, మీరెందుకు తప్పారో చెప్పదు. ముందు 20 నిమిషాలు ఇంజిన్ లేకుండా చూడండి. ఎక్కడ సందేహించారు, అప్పుడు గడియారంలో ఎంత మిగిలింది, ఏ వరస లెక్కించారు అన్నవి రాసుకోండి. ఆ తర్వాతే ఇంజిన్ తెరిచి, ప్రతి తప్పుకూ ఒక పేరు పెట్టండి: ముప్పు చూడలేదు, లెక్క తప్పింది, టైమ్ చాల్లేదు. ఇరవై గేమ్‌లు పోగయ్యాక ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో, సాధన దాని మీదే.

అపోహ: ఓపెనింగ్‌లు (గేమ్ మొదలుపెట్టే ఎత్తుల వరసలు) బట్టీ పడితే పైకి వెళ్లొచ్చు.

వాస్తవం: ప్రత్యర్థి ఐదో ఎత్తుకే పుస్తకంలో లేనిది ఆడితే ఆ కంఠస్థం వృథా. ఆ సమయంలో సగం ఎండ్‌గేమ్‌కి (కొన్ని పావులే మిగిలే చివరి దశకు) ఇవ్వండి. ఉదాహరణకు ఫిలిడార్ పొజిషన్: అవతల ఏనుగు, బంటు, మీకు ఒంటి ఏనుగు. మీ రాజు బంటు దారికి అడ్డంగా మీ చివరి వరసలో, ఏనుగు మీ వైపు నుంచి మూడో వరసలో ఉండాలి. బంటు ఆ మూడో వరసలోకి అడుగుపెట్టగానే ఏనుగును అవతలి చివరకు పంపి వెనకనుంచి చెక్‌లు ఇస్తూ పోవాలి. డ్రా. తొందరపడి ముందే పంపితే అవతలి రాజు ముందుకొచ్చి బంటు చాటున దాక్కుంటాడు.

అపోహ: ఓడిన వెంటనే మరో గేమ్ ఆడి పాయింట్లు రాబట్టుకోవాలి.

వాస్తవం: కోపంలో ఎత్తులు త్వరగా పడతాయి. వరసగా రెండు ఓడితే ఆ పూటకు ఆపేయండి.

అపోహ: ఆన్‌లైన్‌లో 1800 ఉంటే ఫిడేలోనూ 1800 వస్తుంది.

వాస్తవం: ఆటగాళ్ల సమూహాలు వేరు, లెక్కకట్టే పద్ధతులు వేరు. లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగ సైట్ గ్లికో-2 అనే రేటింగ్ పద్ధతి వాడుతుంది, అందరినీ 1500 దగ్గర మొదలుపెడుతుంది. ఫిడే జాబితాలో 2024 మార్చి నుంచి కనిష్ఠం 1400. పైగా గ్లికోలో కొంతకాలం ఆడకపోతే మీ రేటింగ్ మీద అనిశ్చితి పెరుగుతుంది కాబట్టి, తిరిగొచ్చాక మొదటి కొన్ని గేమ్‌లకు అంకె పెద్ద అంగలు వేస్తుంది.