నీరంటని పూత ఎందుకు నిలవడం లేదు?

కోనసీమలో ఇల్లు కట్టుకున్నవాళ్ళకి చెమ్మ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. వేసిన రంగు నాలుగు వానలకే ఉబ్బుతుంది, పెచ్చులూడుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం ఊళ్ళలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కిటికీ ఊచలు, బోటు ఇంజన్లు, రొయ్యల చెరువు గట్టు మీద మోటారు స్టార్టర్లు, అన్నీ దాని బారిన పడేవే. అందుకే నీరంటని పూత, అరిగినా తనంతట తానే బాగయ్యే పూత అని వార్త వస్తే మనం ఆశగా చదువుతాం.

పూర్వం ఈ బాగుచేసే పని మనిషిదే. చెక్క పడవలకి సందుల్లో గుగ్గిలం కూరి, అడుగున తారో నూనో పట్టించేవాళ్ళు. అది శాశ్వతమని ఎవరూ అనుకోలేదు. పడవని ఒడ్డుకి లాగి మళ్ళీ పట్టించడం కూడా పడవ పనిలో భాగమే. ఇవాళ ప్రయోగశాలల్లో జరుగుతున్నదంతా, నాకు అర్థమైనంతలో, ఆ మరమ్మతుని పూతకే అప్పగించే ప్రయత్నం.

నీరు ఎందుకు అంటదో లెక్కగా తేల్చే పని 1936లో వెంజెల్ అనే శాస్త్రవేత్తతో ఊపందుకుంది. నీటిని ఇష్టపడని పదార్థాన్ని గరుకు చేస్తే అది నీటిని ఇంకా దూరం పెడుతుందని ఆయన చూపాడు. 1944లో కాసీ, బాక్స్‌టర్ మరో మెట్టు ఎక్కారు. గరుకు సందుల్లో గాలి చిక్కుకుంటే నీటిచుక్క చాలావరకు ఆ గాలి మీదే కూర్చుంటుందన్నారు. బాతు ఈక తడవకపోవడంలోనూ ఈ గాలి పాత్ర ఉంది. కోతలయ్యాక చేలల్లో మేసే బాతుల మందలు మనకి కొత్త కాదు కదా.

తామరాకు కథ 1997లో పెద్దదైంది. బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ ఆ ఆకు మీద మిల్లీమీటరులో నూరో వంతు ఉండే బొడిపెలనీ, వాటి మీద ఇంకా సన్నని మైనపు నూగునీ వివరించారు. చుక్క దొర్లిపోతూ దుమ్మునీ తీసుకుపోతుంది. రెండేళ్ళలోనే, 1999లో, ఆ సూత్రంతో లోటుసాన్ అనే గోడ రంగు జర్మనీలో మార్కెట్లోకి వచ్చింది. కానీ అందరూ ముందు పట్టుకున్నది ఆకు ఆకారాన్ని. మైనం రాలిపోతే బతికున్న ఆకు మళ్ళీ మైనాన్ని పుట్టించుకోగలదు. గోడ మీది రంగుకి ఆ శక్తి లేదు.

ఆ తేడాయే ఇన్నేళ్ళ తలనొప్పి. అంత సన్నని బొడిపెలు గట్టిగా రుద్దితే విరిగిపోతాయి. ఒకసారి విరిగాక నీరు సందుల్లోకి దిగి గాలిని తోసేస్తుంది. అలల ఒత్తిడి కూడా అదే పని చేస్తుంది. అప్పుడిక పూత ఉన్నా లేనట్టే.

2001లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో వైట్, సాటోస్ బృందం ప్లాస్టిక్‌లో జిగురు నింపిన చిన్న గుళికలు పొదిగింది. పగులు గుళిక దాకా వస్తే అది పగిలి జిగురు కారుతుంది, సందు పూడుతుంది. అయితే ఒకసారి ఖాళీ అయిన చోట రెండోసారి సాయం అందదు. 2010లో చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తామరాకుకి దగ్గరగా వచ్చారు. పూత లోపలి రంధ్రాల్లో నీటిని తోసే అణువులని దాచారు. పైపొర చెడితే, గాలిలో తేమ తగిలినప్పుడు, అవి పైకి చేరతాయి. తేమకి కొదవలేని డెల్టాలో ఉండేవాడిగా నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

2011లో హార్వర్డ్‌లో ఐజెన్‌బర్గ్ బృందం గాలికి బదులు నూనెని నిలిపింది. కీటకాలని జార్చే కూజా మొక్క నుంచి తీసుకున్న ఆలోచన అది. గీత పడితే నూనె పారి మూసేస్తుంది, కానీ ఆ నూనె మెల్లగా కొట్టుకుపోతుంది. 2017లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో తూతేజా బృందం స్ప్రే చేసే పూతని తయారుచేసింది. గీకినా, కాల్చినా వందల సార్లు కోలుకుంటుందని ప్రకటించారు.

ఇక్కడ నాకు ఒక టెన్షన్ ఉంది. పైన చెప్పిన జిలిన్, మిషిగన్ పూతలు రెండూ ఫ్లోరిన్ రసాయనాల మీద ఆధారపడినవే. ఆ కుటుంబంలో చాలా రసాయనాలు ప్రకృతిలో దాదాపు విడిపోవు. వాటిలో పీఎఫ్ఓఎస్‌ని 2009లో, పీఎఫ్ఓఏని 2019లో ప్రకృతిలో విడిపోని విష రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందంలో నియంత్రణ జాబితాకి ఎక్కించారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన దగ్గర నీళ్ళన్నీ కాలవలతో ముడిపడ్డాయి. గోడ మీద నుంచో బోటు అడుగు నుంచో అరిగినది కాలవలోకి దిగుతుంది. ఆ నీళ్ళే వరి చేలకీ, చేపల చెరువుకీ, ఊరి మంచినీళ్ళ చెరువుకీ వెళ్ళేది. కాబట్టి తనంతట తాను బాగయ్యే పూత అనగానే, అది దేనితో బాగవుతోందని అడగాలి.

ఫ్లోరిన్ లేకుండా మైనాలు, సిలికోన్‌లు, కొవ్వు ఆమ్లాలతో ప్రయత్నాలు సాగుతున్నాయి. వాటికి నూనె మరకలని తట్టుకునే శక్తి తక్కువ. మన గోడకీ పడవకీ ముందు కావలసింది నీటిని ఆపడమే కాబట్టి, ఆ లోటు నాకు పెద్దదిగా కనిపించదు. పరీక్ష మాత్రం గరుకు కాగితంతో రుద్దడం దగ్గర ఆగకూడదు. ఉప్పు నీరు, వరద బురద, నాచు, మే నెల ఎండ తగిలాక కూడా పూత ఎన్నిసార్లు కోలుకుంటుందో, అరిగి నీళ్ళలో ఏం కలుపుతుందో తయారీదారు డబ్బా మీదే రాయాలి.