మొక్కల సేల్‌కి వచ్చే ముందు: ఆస్టిన్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

టెక్సాస్ రాజధాని ఆస్టిన్ నగరానికి నైరుతి మూలన లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ ఉంది. అమెరికా మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్, నటి హెలెన్ హేస్ కలిసి 1982లో మొదలుపెట్టిన సంస్థ ఇది. 1995లో ఇప్పుడున్న చోటికి మారింది, 2006లో టెక్సాస్ యూనివర్సిటీలో భాగమైంది, 2017లో టెక్సాస్ రాష్ట్ర బొటానిక్ గార్డెన్‌గా గుర్తింపు పొందింది. ఇక్కడ పెంచేవి టెక్సాస్ సొంత (నేటివ్) మొక్కలు. వసంతంలో ఒకసారి, ఎండలు తగ్గాక మరోసారి మొక్కల సేల్ పెడతారు. ఆ రోజుల్లో నేను వాలంటీరుగా ఉంటాను, ఎక్కువగా ప్రశ్నలకు జవాబు చెప్పే బల్ల దగ్గర.

ఆస్టిన్ శివార్లలోని రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్ వైపు నుంచి మన తెలుగువాళ్లు చాలామంది వస్తారు. మొక్క గురించి ఎన్నో అడుగుతారు: ఎంత ఎత్తు పెరుగుతుంది, పూలు ఎప్పుడు వస్తాయి, జింకలు తింటాయా అని. దాన్ని నాటబోయే నేల గురించి మాత్రం ఎవరో ఒకరిద్దరే అడుగుతారు. నేను చూసినంతలో మొక్కలు పోయేది ఎక్కువగా అక్కడే.

అపోహ: "టెక్సాస్ నేటివ్" అని లేబుల్ మీద ఉంటే టెక్సాస్‌లో ఎక్కడైనా బతుకుతుంది.

టెక్సాస్ విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినదానికి దాదాపు రెండున్నర రెట్లు. అరకులో పెరిగే చెట్టు అనంతపురంలో పెరగాలని మనం అనుకోం కదా. తూర్పు టెక్సాస్ పైన్ అడవుల్లో తెల్లగా పూసే డాగ్‌వుడ్ కూడా నేటివే. ఆమ్లగుణం ఉన్న ఇసుక నేల దానికి ఇష్టం. ఆస్టిన్ పడమటి సున్నపురాతి నేలలో పెడితే ఇనుము అందక ఆకులు పసుపురంగుకు తిరిగి, మెల్లగా ఎండిపోతుంది.

పైగా ఆస్టిన్ ప్రాంతం రెండు నేలల మధ్య కూర్చుంది. ఐ-35 హైవేని ఉజ్జాయింపు సరిహద్దుగా అనుకోండి. దానికి పడమర సీడర్ పార్క్, లియాండర్ వైపు పలచటి మట్టి, కొంచెం తవ్వగానే సున్నపురాయి. తూర్పున ఫ్లూగర్‌విల్, హట్టో వైపు నల్లటి బంకమట్టి. కర్నూలు, ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఆ మట్టిని చేతిలోకి తీసుకుంటే వెంటనే గుర్తుపడతారు. అది మన నల్లరేగడే. శాస్త్రవేత్తలు రెండింటినీ వర్టిసాల్ అనే ఒకే వర్గంలో పెట్టారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇంటి పునాదులను కదిలించేదీ ఇదే.

అందుకే సెనీజో, బ్లాక్‌ఫుట్ డైసీ, డామియానిటా లాంటివి పడమటి ఇళ్లలో హాయిగా ఉంటాయి, రేగడిలో వేరు కుళ్లి పోతాయి. రేగడి ఉన్నవాళ్లకు నేను చూపించేవి వేరు: టర్క్స్ క్యాప్, గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్, మాక్సిమిలియన్ సన్‌ఫ్లవర్, చెట్టు కావాలంటే బర్ ఓక్. టర్క్స్ క్యాప్ మన మందారం కుటుంబమే. విచ్చుకోని మందారంలా ఎర్రగా ఉంటుంది, నీడలో కూడా పూస్తుంది, హమ్మింగ్‌బర్డ్‌లు వెతుక్కుంటూ వస్తాయి.

సేల్‌కి వచ్చే ముందు పెరట్లో అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు తెల్లారేసరికీ అలాగే నిలిచి ఉంటే, ఆ సంగతి బల్ల దగ్గర మొదటి మాటగా చెప్పండి. మీకు చూపించాల్సిన మొక్కల జాబితా అప్పుడే సగానికి తగ్గుతుంది.

అపోహ: నేటివ్ మొక్కలకు నీళ్లు పోయనక్కర్లేదు.

వేళ్లు నేలలోకి దిగాక చాలావాటికి నిజంగానే పెద్దగా అక్కర్లేదు. దిగేదాకా కావాలి. కొత్తగా నాటిన మొక్క వేళ్లన్నీ ఆ కుండీ మట్టిలోనే ఉంటాయి. కుండీ మట్టి అంటే బెరడు, పీట్ అనే కుళ్లిన నాచు కలిపిన తేలిక మిశ్రమం. అది చుట్టూ ఉన్న నేల కంటే చాలా త్వరగా ఆరుతుంది, ఒకసారి పూర్తిగా ఆరితే నీళ్లను లోపలికి రానివ్వదు కూడా. చుట్టూ నేల తడిగానే కనిపిస్తుంది, మధ్యలో వేరు మాత్రం ఎండుతూ ఉంటుంది. స్ప్రింక్లర్ తిరుగుతోంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు మొక్కలు పోగొట్టుకునేది ఇలాగే.

మొదటి వేసవి అంతా మొదలు దగ్గరే, నిదానంగా, లోతుగా పోయాలి. వేలు రెండు అంగుళాలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. రెండో వేసవికి బాగా తగ్గించవచ్చు. మధ్యాహ్నం ఆకులు వాలినంత మాత్రాన దాహం అనుకోకండి, ఎండకు చాలా మొక్కలు అలా వాలతాయి. తెల్లవారుజామున కూడా వాలి ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఇక్కడి ఎండని తేలిగ్గా తీసుకోవద్దు. 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 38 సెల్సియస్ దాటిన రోజులు ఆస్టిన్‌లో 2011లో 90, 2023లో 80.

అపోహ: వసంతమే నాటడానికి మంచి కాలం, అందుకే సేల్ అప్పుడు పెడతారు.

వసంతంలో జనానికి మొక్కల మీద మనసు పోతుంది. మొక్క ఎలా ఉంటుందో కళ్లతో చూసి కొనుక్కోవచ్చు, అది మంచి సంగతే. కానీ సెంట్రల్ టెక్సాస్‌లో చెట్లకీ పొదలకీ మేలైన కాలం అక్టోబరు, నవంబరు. గాలి చల్లబడుతుంది, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది. పైకి ఏమీ కదలనట్టున్నా వేళ్లు చలికాలమంతా పెరుగుతూనే ఉంటాయి. ఏప్రిల్ చివర్లో నాటిన చెట్టుకు ఎండలు ముదిరేలోపు మిగిలేది రెండు నెలలే. సేల్‌లో పనిచేస్తూ కూడా నేను ఈ మాట చెబుతాను: చిన్న పూలమొక్కలు ఇప్పుడు తీసుకోండి, పెద్ద చెట్టు కావాలంటే శరత్కాలం దాకా ఆగండి.

టెక్సాస్ రాష్ట్ర పుష్పమైన నీలి పూల బ్లూబానెట్ కోసం ఏప్రిల్‌లో వచ్చేవాళ్లకు కూడా ఇదే మాట. అది ఒక్క ఏడాది మొక్క. పూసి, కాయ పండి, ఎండలు ముదిరేసరికి దాని బతుకు అయిపోతుంది. విత్తనం సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య, ఎండ పడే చోట, నేలను కొద్దిగా గీరి చల్లుకోవాలి. గింజ పైపొర గట్టిది కాబట్టి అన్నీ ఒకే ఏడాది మొలవవు, మిగతావి తర్వాతి ఏళ్లలో లేస్తాయి.

అపోహ: పెద్ద కుండీ, నిండా పూలు ఉన్న మొక్క తీసుకుంటే మంచిది.

పూలు చూసి కొనకండి, వేళ్లు చూసి కొనండి. అనుమానం ఉంటే వాలంటీరును అడగండి, కుండీ వంచి చూపిస్తారు. వేళ్లు తెల్లగా, మట్టిని పట్టుకుని ఉండాలి. కుండీ గోడ వెంట గుండ్రంగా చుట్టలు చుట్టుకుని ఉంటే, ముఖ్యంగా చెట్ల విషయంలో, పక్కన పెట్టేయండి. ఆ చుట్ట నేలలోకి వెళ్లాక కూడా సరికాదు, పదేళ్ల తర్వాత చెట్టు మొదలును బిగిస్తుంది. చిన్న కుండీలో ఉన్న మొక్క నేలకు త్వరగా అలవాటు పడి, చాలాసార్లు పెద్దదాన్ని దాటేస్తుంది. డబ్బూ మిగులుతుంది.

మార్చిలో కొన్ని కుండీల్లో పుల్లలు తప్ప ఏమీ కనిపించవు. అవి చచ్చినవి కావు, ఇంకా నిద్ర లేవలేదు. గోటితో కాండం మీద కొద్దిగా గీకితే లోపల ఆకుపచ్చ కనిపిస్తుంది. కొన్ని రకాలు నేల వరకు ఎండిపోయి మొదలు నుంచి చిగురిస్తాయి. ఫిబ్రవరి 2021 మంచు తుఫాను తర్వాత తొందరపడి పెరళ్లు తవ్వేసినవాళ్లు ఎందరో. ఓపిక పట్టినవాళ్లకు టర్క్స్ క్యాప్, లాంటానా మళ్లీ వచ్చాయి.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయి.

దిగవు. మట్టి నుంచి రాళ్లలోకి నీరు సులభంగా జారదు, ఆ పొర పైనే నిలుస్తుంది. వేళ్లకు తడి ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం ఉన్న కుండీ, మంచి మిశ్రమం, అంతే.

అపోహ: ఇంత పెద్ద గార్డెన్ కదా, కరివేపాకు మొక్క ఉంటుంది.

మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇక్కడ ఉండదు, ఎందుకంటే అది టెక్సాస్ మొక్క కాదు. ఇందులో ఇంకో పెద్ద సంగతి ఉంది. కరివేపాకు నిమ్మ, నారింజ కుటుంబానికి చెందింది. సిట్రస్ గ్రీనింగ్ అనే వ్యాధిని మోసే ఆసియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగుకు కరివేప చెట్టంటే చాలా ఇష్టం. ఆ వ్యాధి టెక్సాస్‌లో 2012లో బయటపడింది. సోకిన నారింజ చెట్టుకు మందు లేదు. కొన్ని కౌంటీల నుంచి ఈ కుటుంబం మొక్కలను బయటికి తీసుకెళ్లడానికి క్వారంటైన్ నియమాలున్నాయి. ఊరి నుంచి సూట్‌కేసులో మొక్క తేవడం, వేరే ఊళ్లో ఉన్న బంధువుల పెరట్లోంచి పిలక తేవడం దయచేసి చేయకండి. మీ ఊళ్లోనే లైసెన్సు ఉన్న నర్సరీలో కొనండి.

కరివేపాకు లేదని నిరాశపడేవాళ్లకు నేను చూపించేది చిల్టెపిన్. బఠాణీ గింజంత ఉండే అడవి మిరప. మన మిరపకాయ మూలాలు ఈ ఖండంలోనివే. చిల్టెపిన్‌ను 1997లో టెక్సాస్ రాష్ట్ర నేటివ్ మిరపగా ప్రకటించారు. సగం నీడలో, చెట్ల కింద కూడా కాస్తుంది, చలికి ఎండినా ఆస్టిన్‌లో మళ్లీ చిగురిస్తుంది. పక్షులకు కారం తెలియదు కాబట్టి మాకింగ్‌బర్డ్‌లు తినేస్తుంటాయి, మీ వాటా ముందే కోసుకోండి. చాలా ఘాటు. పచ్చడిలో గుప్పెడు వేయకండి, నాలుగు చాలు.

అపోహ: లాంటానా, తుమ్మ లాంటివి కలుపు, వాటిని డబ్బు పెట్టి కొనడమేంటి?

ఊళ్లో చూసినవాళ్లకు ఈ కోపం సహజం. అమెరికా ఖండాల నుంచి వచ్చిన లాంటానా మన అడవులను ఆక్రమించింది. సర్కారు తుమ్మ మన చెరువు గట్లను, బీళ్లను కమ్మేసింది. కానీ టెక్సాస్ లాంటానా ఇక్కడి సొంత జాతి. సర్కారు తుమ్మకు దగ్గరి బంధువైన మెస్కీట్ కూడా ఇక్కడిదే. వీటి మీద బతికే తేనెటీగలు, పురుగులు, పిట్టలు వీటితో పాటే ఇక్కడ ఉన్నాయి. ఒక మొక్క మంచిదా చెడ్డదా అన్నది అది ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మన ఇళ్లలో దండలకు పెంచే గెలార్డియా ఇక్కడి హైవేల పక్కన ఏప్రిల్, మే నెలల్లో ఎర్రగా పరుచుకుని ఉంటుంది. అది పుట్టిన చోట్లలో ఇదొకటి.

అపోహ: ఏ మిల్క్‌వీడ్ నాటినా మోనార్క్ సీతాకోకచిలుకలకు మేలే.

మిల్క్‌వీడ్ మన జిల్లేడు బంధువు, మోనార్క్‌లు గుడ్లు పెట్టేది దాని మీదే. మోనార్క్‌కు బంధువైన సీతాకోకచిలుక ఒకటి మన ఊళ్లలో జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. ఇక్కడ దుకాణాల్లో సులభంగా దొరికేది ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్. ఆస్టిన్‌లో చలి తక్కువైన ఏడాది అది ఎండదు. ఆకులు పాతవే ఉండిపోవడంతో ఓఈ అనే పరాన్నజీవి బీజాలు వాటి మీద పేరుకుంటాయి, వాటిని తిన్న గొంగళిపురుగులకు జబ్బు సోకి, సీతాకోకచిలుకలు జబ్బుతోనే బయటికి వస్తాయి. మీ పెరట్లో ఇప్పటికే ఉంటే శరత్కాలంలో నేల మట్టానికి కోసేయండి, చలికాలమంతా కోస్తూనే ఉండండి. కొత్తగా కొనేవాళ్లు యాంటిలోప్ హార్న్స్ లాంటి స్థానిక జాతి అడగండి. దాని తల్లివేరు లోతుగా దిగుతుంది, మార్చడం ఇష్టపడదు. అందుకే కుండీ చిన్నగా, మొక్క బక్కగా ఉంటుంది, ధర చూసి మొహం చిట్లిస్తారు. ఎక్కడ కొన్నా పురుగుమందు కొట్టారా అని అడగండి. కొట్టిన మిల్క్‌వీడ్ తిన్న గొంగళిపురుగు చచ్చిపోతుంది.

అపోహ: బ్లూబానెట్ కోస్తే జైల్లో వేస్తారు.

ప్రత్యేకంగా అలాంటి చట్టం లేదు. అయితే రాష్ట్ర పార్కుల్లో మొక్కలు కోయకూడదు, ఇతరుల స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఫొటోల కోసం పిల్లల్ని పూల మధ్య కూర్చోబెట్టేటప్పుడు ఎక్కువ నష్టం తొక్కడం వల్లే. నలిగిన మొక్క విత్తనం కట్టదు.

అపోహ: వాలంటీరుగా చేయాలంటే బోటనీ చదివుండాలి, లేదా రిటైరై ఉండాలి.

సేల్ రోజున కనిపించే పని చివరి అంకం. అసలు పని చలికాలంలోనే మొదలవుతుంది: విత్తనాలు శుభ్రం చేయడం, మొలకలను ట్రేల నుంచి కుండీలకు మార్చడం, లేబుళ్లు గుచ్చడం. లేబుల్ మారితే మొక్క మారినట్టే కాబట్టి అది అన్నిటికన్నా శ్రద్ధ కావాల్సిన పని. సేల్ ముందు బల్లలు సర్దాలి, ఎండవి ఒకవైపు, నీడవి ఒకవైపు. ఆ రోజు బండ్లు తోయాలి, కొన్నవాటిని భద్రంగా ఉంచాలి, లెక్క రాయాలి, కార్లలోకి ఎత్తిపెట్టాలి. బరువు ఎత్తలేనివాళ్లకు కూర్చుని చేసే పని ఉంటుంది. శాస్త్రీయ నామాలు మెల్లగా నోటికి వస్తాయి. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లే అలవాటు ముందు కావాలి. పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే టెక్సాస్ మాస్టర్ నాచురలిస్ట్ శిక్షణ ఉంది. చేరినవాళ్లు ఏటా 40 గంటలు స్వచ్ఛంద సేవ చేయాలి.

మొక్కలు ఉచితంగా వస్తాయనుకుని చేరకండి. చాలా బొటానికల్ గార్డెన్లలో అందరికన్నా ముందుగా కొనే వీలు సభ్యులకు ఉంటుంది, అది సభ్యత్వంతో వచ్చేది. సేల్ డబ్బు గార్డెన్ నిర్వహణకు పోతుంది. హైస్కూల్ పిల్లలను స్వచ్ఛంద సేవ గంటల కోసం పంపాలనుకునేవాళ్లు వయసు నియమాలు ముందే అడగండి.

అపోహ: హెచ్-4 వీసా (హెచ్-1బీ లాంటి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చేది) మీద ఉన్నవాళ్లు వాలంటీరు పని చేయకూడదు.

ఈ భయంతో ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. లాభాపేక్ష లేని సంస్థలో, ఎప్పుడూ జీతం లేకుండా స్వచ్ఛందంగానే జరిగే పనిని, ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా చేయవచ్చు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేయడం వేరు, అది సమస్య అవుతుంది. స్టైపెండ్, గిఫ్ట్ కార్డు లాంటివి కూడా తీసుకోకండి. మీ కేసులో ఏదైనా మెలిక ఉంటే లాయర్‌ని ఒక మాట అడిగి చేరండి.

పన్నుల గురించి కూడా అడుగుతారు. మీరిచ్చిన గంటలకు మినహాయింపు లేదు, కొన్న మొక్క ధర విరాళం కాదు. అయితే ఐటమైజ్ చేసేవాళ్లు, అంటే పన్ను రిటర్న్‌లో మినహాయింపులను విడివిడిగా చూపించేవాళ్లు, స్వచ్ఛంద సేవకు నడిపిన కారుకు మైలుకు 14 సెంట్ల చొప్పున చూపించుకోవచ్చు. ఎన్ని మైళ్లు నడిపారో తేదీతో సహా రాసి పెట్టుకోవాలి.