ఇల్లు ఎక్కడ, పని ఎక్కడ: హైదరాబాద్ ప్రణాళికపై కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇళ్ల దస్త్రాన్ని ఒక శాఖ, రవాణా దస్త్రాన్ని మరొక శాఖ చూసుకోవడం పట్టణ ప్రణాళికా రంగంలో మాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. బస్తీలో ఉండే కుటుంబం మాత్రం కిరాయిని, దారి ఖర్చును ఒకే జీతంలోంచి తీస్తుంది కనుక, ఒకటి తగ్గించుకోవడానికి దూరం వెళితే రెండోది పెరుగుతుంది. కింది అపోహల్లో చాలావరకు ఈ సంబంధాన్ని మరచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పేదలకు పక్కా ఇల్లు ఇస్తే చాలు, అది ఎక్కడ ఉందన్నది తరువాతి సంగతి.

వాస్తవం: డబుల్ బెడ్రూం పథకంలోనే దీనికి రెండు భిన్నమైన ఉదాహరణలు ఉన్నాయి. సికింద్రాబాద్ భోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసివేసి, 2015లో అదే స్థలంలో 396 ఇళ్లు కట్టారు. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు సముదాయంలో 15,660 ఇళ్లు ఉన్నాయి. కట్టడం నాణ్యతను పక్కన పెట్టినా, అది సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు అంచున ఉంది. తెల్లవారగానే నాలుగైదు ఇళ్లలో పనికి చేరవలసిన స్త్రీకి, పొద్దున్నే అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలీ పోగొట్టుకునే మేస్త్రీకి ఇల్లు మారడమంటే పని కూడా మారడమే. ఔటర్ పక్కనే ఉంది కదా అని వాదించేవారు, ఆ రోడ్డు ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదన్న సంగతి గమనించాలి.

శివార్లను ఎంచుకోవడానికి కారణాలు లేకపోలేదు. ఒకే చోట విశాలమైన ప్రభుత్వ భూమి అక్కడే దొరుకుతుంది. ఉన్నచోటే కట్టాలంటే ప్రతి కుటుంబాన్నీ ఒప్పించి, నిర్మాణం పూర్తయ్యేదాకా తాత్కాలిక నివాసం చూపాలి. ఆ ఖర్చు అంచనా పత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. దూరం వెళ్లిన కుటుంబం ఏళ్ల తరబడి భరించే దారి ఖర్చుకు మాత్రం ఆ పత్రంలో గడి ఉండదు. నా దృష్టిలో ఆ ఒక్క గడి చేర్చినా చాలా స్థల నిర్ణయాలు మారిపోతాయి.

అపోహ: పట్టా ఇస్తే బస్తీ మొత్తానికి భద్రత దొరుకుతుంది.

వాస్తవం: 2014లో వచ్చిన జీవో 58 కింద, ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించే వీలు కల్పించారు. ఇది మంచి చర్యే. అయితే అదే ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్న వలస కుటుంబానికి ఆ కాగితంతో వచ్చే హక్కు ఏదీ లేదు.

అపోహ: ఫ్లైఓవర్ కడితే అందరికీ ప్రయాణం తేలికవుతుంది.

వాస్తవం: వంతెన ఎక్కిన బస్సు కింది స్టాపులో నిలబడినవారిని ఎక్కించుకోలేదు. కూడలి దాటవలసిన పాదచారికి కింద మిగిలేది స్తంభాల మధ్య ఇరుకు దారి. రోడ్డు స్థలాన్ని కేటాయించేటప్పుడు వాహనాలకన్నా మనుషులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. అయినా మన ట్రాఫిక్ సర్వేలు ఇప్పటికీ ఎక్కువగా బండ్లనే లెక్కపెడతాయి, వాటిలో ఎంతమంది ఉన్నారో చూడవు.

అపోహ: మెట్రో వచ్చింది, మహిళలకు బస్సు ఉచితమైంది, ఇంకా అసమానత ఎక్కడిది?

వాస్తవం: 2017 నుంచి 2020 వరకు దశలవారీగా మొదలైన 69 కిలోమీటర్ల మెట్రోలో, మొదటి ప్రణాళికలోనే ఉన్న, పాతబస్తీకి వెళ్లే ఎంజీబీఎస్–ఫలక్‌నుమా భాగం మాత్రం కట్టకుండా మిగిలిపోయింది, దానికి శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో. ఇరుకు వీధులు, ఆస్తుల సేకరణ, మార్గంపై అభ్యంతరాలు నిజమైన చిక్కులే గాని, జనసాంద్రత అంత ఎక్కువగా ఉన్న పాతబస్తీయే చివరికి మిగలడాన్ని వాటితో సరిపెట్టుకోలేము.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పిస్తూ 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. దీన్ని తాయిలమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను, ఎందుకంటే టోల్ లేని ఫ్లైఓవర్ మీద కారు నడిపేవారికి అందేది కూడా ప్రజాధనంతో వచ్చిన సౌకర్యమే. అయితే జీరో టికెట్టు విలువ బస్సు వచ్చినప్పుడే తెలుస్తుంది. శివారు కాలనీకి గంటకొక్క బస్సు నడిస్తే, ఉచిత ప్రయాణానికి అర్హురాలైన మహిళ కూడా షేర్ ఆటోకు డబ్బు చెల్లించవలసిందే. చార్జీ రాయితీతో పాటు బస్సుల సంఖ్య, వేళలు, రాత్రి సర్వీసులు కూడా అదే విధానంలో భాగం కావాలి.

అపోహ: ఫుట్‌పాత్‌పై తోపుడు బండి పెట్టడమే నేరం.

వాస్తవం: 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్వే ముగిసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవారిని ఖాళీ చేయించరాదు; తరలించవలసి వస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారాల విషయాలు చూసేందుకు ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు కావాలి. నడిచేవారికి దారి వదలడం, వ్యాపారికి చోటు చూపడం రెండూ ఆ కమిటీ ముందు తేలవలసిన విషయాలు కనుక, రోడ్డు విస్తరణ నక్షా ఖరారు కాకముందే దానిని అక్కడ చర్చకు పెట్టాలి.